వీసా ఎవరిది, పని ఎవరిది, జీతం ఎవరిది?

రాయచోటిలో గానీ, కడపలో గానీ, హైదరాబాదు పాతబస్తీలో గానీ, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాలలో గానీ గల్ఫ్ ప్రయాణం మాట వచ్చినప్పుడు మన ఇళ్లలో రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. జీతం ఎంత? వీసాకు ఎంత అడుగుతున్నారు? ఈ రెండింటికీ సమాధానం దొరికితే చాలు, నగలు తాకట్టుకు వెళతాయి, పాస్‌పోర్టు ఏజెంటు చేతికి వెళుతుంది. అడగవలసిన మూడవ ప్రశ్న ఒకటున్నది. ఆ జీతం ఇచ్చేవారు ఎవరు? మన బిడ్డ చేత పని చేయించుకునేవారే ఇస్తారా, లేక మన బిడ్డను వారికి అద్దెకు పంపిన మరొకరు ఇస్తారా? పరదేశంలో రెండేళ్ల బతుకు ఏ దారిన నడుస్తుందో చాలావరకు ఈ ప్రశ్నే నిర్ణయిస్తుంది. అయినా దానిని అడిగే కుటుంబాలు తక్కువ. అడిగితే సూటిగా చెప్పే ఏజెంట్లు ఇంకా తక్కువ.

మన వాడుకలో ‘ఏజెంటు’ అన్న ఒక్క మాట వెనుక ముగ్గురు వేర్వేరు వ్యక్తులు ఉన్నారు. మొదటివాడు మన వీధిలోనే తిరిగే మధ్యవర్తి. నమాజుకు మన పక్కనే నిలబడతాడు, పెళ్లిళ్లకు వస్తాడు, అందరికీ భాయ్. అతని వద్ద ఏ లైసెన్సూ ఉండదు. రెండవవాడు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్ర విదేశాంగ శాఖ వద్ద పేరు నమోదు చేసుకున్న రిక్రూటింగ్ ఏజెంటు. అతనికి రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, దానిని ఈ-మైగ్రేట్ వ్యవస్థలో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆ నమోదు లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చడం నేరం. మూడవవాడు సముద్రానికి ఆవలి ఒడ్డున ఉంటాడు. అతనినే మనవాళ్లు ‘సప్లయ్ కంపెనీ’ అంటారు. విమానం ఎక్కించడంతో మొదటి ఇద్దరి పాత్ర ముగుస్తుంది. మూడవవాడు మాత్రం ఆకామా గడువు ఉన్నన్నాళ్లూ మన మనిషికి కాగితం మీద యజమాని. మొదటి ఇద్దరి మంచిచెడ్డలను గురించి మనం ఎంతో కొంత విచారిస్తాము. మూడవవాడి పేరు కూడా తెలుసుకోము.

సప్లయ్ కంపెనీకి సొంత ఫ్యాక్టరీ ఉండదు, సొంత కట్టడం ఉండదు, హోటలు ఉండదు. దానికి ఉన్న సరుకల్లా మనుషులే. ఒక నిర్మాణ సంస్థకు నలభై మంది కూలీలు కావాలంటే ఆ నలభై మందిని పంపుతుంది, గంటకు ఇంత అని ఆ సంస్థకు బిల్లు వేస్తుంది, అందులో కొంత కూలీకి ఇచ్చి మిగిలినది తాను ఉంచుకుంటుంది. ఆ వ్యాపారం తనంతట తాను చట్టవిరుద్ధం కాదు. లైసెన్సు తీసుకొని చేసేవారూ ఉన్నారు. కానీ ఆ లెక్క ఎలా నడుస్తుందో చూడండి. పని ఇచ్చిన సంస్థ బిల్లు చెల్లించడం ఆలస్యం చేస్తే కూలీ జీతం ఆగుతుంది. పని ముగిసి మరొక పని దొరికేలోపు కూలీ గదిలో కూర్చుంటాడు. ఆ రోజులకు జీతం ఉండదని, తిండి ఖర్చు నీదేనని అప్పుడు చెబుతారు. ఆరు నెలలు ఒక ఊళ్లో, మూడు నెలలు ఇంకొక ఊళ్లో, ఈ వారం ఇనుము వంచడం, వచ్చే వారం అంట్లు కడగడం. రెండేళ్లు గడిచేసరికి చేతికి ఒక పని నేర్పూ మిగలదు, ‘వీడు మావాడు’ అని చెప్పే మేస్త్రీ కూడా మిగలడు.

నేరుగా ఒక కంపెనీలో చేరిన వానికి ఈ మధ్య అంచె ఉండదు. పని చేయించుకునేదీ, ఆకామా చేయించేదీ, జీతం వేసేదీ ఒకే చేయి. గొడవ వస్తే ఎదుట నిలిచే పక్షం ఒక్కటే. సప్లయ్ కూలీకి గొడవ వచ్చినప్పుడు జరిగేది వేరు. పని స్థలంలో కాలు విరిగితే ఆ సంస్థ ‘వీడు మా మనిషి కాడు, వాళ్లను అడగండి’ అంటుంది. సప్లయ్ కంపెనీ ‘ప్రమాదం మా ఆవరణలో జరగలేదు’ అంటుంది. చట్టం దృష్టిలో ఈ రెండు మాటలూ నిలవకపోవచ్చు. కానీ ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడు, అరబ్బీ రానివాడు, ఆ మాటలను లేబర్ కోర్టు దాకా తీసుకువెళ్లేది ఎన్నడు?

సౌదీ అరేబియాలో ఇంకొక మెలిక ఉన్నది. అక్కడి కార్మిక చట్టం 39వ అధికరణ ప్రకారం ఒక యజమాని తన కార్మికుణ్ణి పద్ధతి ప్రకారం అనుమతి లేకుండా మరొకరి వద్ద పనికి పంపరాదు. పంపాలంటే ‘అజీర్’ అనే వ్యవస్థలో నమోదు చేసి, ఆ కాగితం కార్మికుని చేతికి అందేలా చూడాలి. ఆ కాగితం లేకుండా మరొకరి స్థలంలో తనిఖీకి దొరికితే ముందుగా నిందపడేది కార్మికుని మీదే. ‘నన్ను పంపింది కఫీలే’ అన్న మాటకు రుజువు ఉండదు. కాబట్టి సప్లయ్ కంపెనీలోనే చేరక తప్పని పరిస్థితి ఉన్నవారు మొదటి రోజునే అడగవలసిన కాగితం ఇది.

ఇక జీతం లెక్క. సప్లయ్ కంపెనీల ఒప్పందాలలో ‘బేసిక్’ తగ్గించి, తిండి, గది, ఇతర అలవెన్సుల పేరిట మొత్తాన్ని పెంచి చూపడం పరిపాటి. నేరుగా నియమించే కంపెనీలు కూడా ఈ పని చేస్తాయి. సప్లయ్ వ్యాపారంలో ఇది మరీ ఎక్కువ. దీనిలో నష్టమేమిటని మనవాళ్లు అడుగుతారు. చేతికి వచ్చేది 1200 దిర్హమ్‌లే కదా, దాన్ని ఎలా విడగొడితే ఏమి? యుఏఈ చట్టం ప్రకారం సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుయిటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం. బేసిక్ 600 అయితే ఐదేళ్లకు వచ్చేది 2100 దిర్హమ్‌లు. అదే 1200లో బేసిక్ 1000 అని రాసి ఉంటే 3500. ఓవర్‌టైము కూడా బేసిక్ మీదనే లెక్క కడతారు. అంటే ప్రతి అదనపు గంటకూ ఆ కోత పడుతూనే ఉంటుంది. సంతకం పెట్టేనాడు ఎవరూ చూడని ఈ అంకె ఐదేళ్ల తరువాత చెల్లెలి పెళ్లి ఖర్చులో తేలుతుంది.

ఇంత తెలిసీ మనవాళ్లు సప్లయ్ కంపెనీలనే ఎందుకు ఎంచుకుంటారు? ఎంచుకుంటారనడమే సరికాదేమో. 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పిన సంగతి మనకు కొత్తది కాదు: నెలజీతపు స్థిరమైన ఉద్యోగాలలో ముస్లిముల వాటా బహు తక్కువ, చిన్న వ్యాపారాలలో, చేతివృత్తులలో, ఆధారం లేని కూలిపనులలోనే మనం ఎక్కువ. పదవ తరగతి దాటని యువకునికి పెద్ద కంపెనీ నేరుగా ఇంటర్వ్యూ పెట్టదు. వెల్డింగు వచ్చినా దానికి సర్టిఫికెట్ ఉండదు. సప్లయ్ కంపెనీ చదువు అడగదు, అనుభవం అడగదు, నెలలోపు టికెట్ పంపుతుంది. ఇంటి మీద అప్పులవాడు కూర్చున్నప్పుడు ఆ ‘నెలలోపు’ అన్న మాటకు ఉన్న బలం ఏ హితబోధకూ ఉండదు. అందుకే యువకులను తప్పుపట్టే ధోరణి మాకు సమ్మతం కాదు.

నేరుగా చేరితే చాలు, భయం లేదన్న భ్రమ కూడా కలిగించదలచుకోలేదు. 2016లో సౌదీ అరేబియాలో చమురు ధరలు పడిపోయి నిర్మాణ రంగం కుదేలైనప్పుడు వేలాదిమంది భారతీయులు నెలల తరబడి జీతాలు లేక, శిబిరాలలో తిండికి కూడా ఇబ్బంది పడ్డారు. వారిలో చాలామంది ఆ దేశపు అతిపెద్ద సంస్థలలో నేరుగా చేరినవారే. కేంద్రమంత్రి వి.కె. సింగ్ స్వయంగా జిద్దాకు వెళ్లవలసి వచ్చింది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల వసతి భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. కంపెనీ పేరు పెద్దదైనంత మాత్రాన అది ఇచ్చిన గది సురక్షితం కాదని ఆ మంటలు చూపాయి.

మరి మన ఊళ్లలో ‘డైరెక్ట్ వీసా’ అని చెప్పుకొనే వాటిలో ఎన్నో అసలు డైరెక్ట్ కానే కావు. మామూ పంపాడనో, పెద్దనాన్న కొడుకు తెచ్చాడనో వచ్చే ‘ఆజాద్ వీసా’ సంగతి తీసుకోండి. అందులో కఫీల్ పేరుకే యజమాని. అతని వద్ద పని ఉండదు. ఏటా అతనికి ఇంత అని ముట్టజెప్పి బయట దొరికిన పని చేసుకోవాలి. ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ ఆజాద్ వీసా అనేది లేదు. కువైట్ 2010 నాటి కార్మిక చట్టమైతే కార్మికులను విదేశం నుంచి రప్పించి వారికి పని ఇవ్వకుండా వదిలేయడాన్ని స్పష్టంగా నిషేధించింది. బంధువు తెచ్చిన వీసా కదా అని ఒప్పందం అడగడం మొహమాటమనిపిస్తుంది. ఆ మొహమాటమే రెండేళ్ల తరువాత మనిషిని ఖల్లివల్లిగా మారుస్తుంది; అప్పుడు క్షమాభిక్ష ప్రకటన ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడటమే మిగులుతుంది. 2018లోనూ, 2024లోనూ కువైట్ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు దరఖాస్తుల కోసం బారులు తీరినవారిలో మన రాయలసీమ, గోదావరి జిల్లాల వారు ఎందరో ఉన్నారు.

ఇంతవరకు చెప్పినదంతా మగవారి పనుల గురించి. ఇంటిపనికి వెళ్లే మన ఆడబిడ్డల విషయంలో మా అభిప్రాయం తలకిందులవుతుంది. కంపెనీలో నేరుగా చేరడం మేలని ఒక తాపీ పనివానికి చెప్పినంత తేలికగా, ఒక ఇంట్లో నేరుగా చేరడం మేలని ఒక తల్లికి చెప్పలేము. కంపెనీలో పదిమంది తోటివారుంటారు. ఇంట్లో నాలుగు గోడలే. కంపెనీకి తనిఖీ అధికారి వస్తాడు. ఇంటి తలుపు తట్టే అధికారి అరుదు. సౌదీలో 2021 మార్చి 14న అమలులోకి వచ్చిన సంస్కరణలు కార్మికులకు యజమానిని మార్చుకునే వీలు కొంత కల్పించాయి. ఇంటి పనివారిని, సొంత డ్రైవర్లను, తోటమాలులను, గొర్రెల కాపరులను వాటి నుంచి మినహాయించారు. కువైట్ 2015లో ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించని పని, వారానికి ఒక సెలవు, ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సర్వీసు ముగింపు సొమ్ము అందులో ఉన్నాయి. ఆ హక్కులు తనకున్నాయని ఆ ఇంటి వంటగదిలో ఉన్నవారికి చెప్పేవారు ఎవరు?

అటువంటి చోట లైసెన్సు ఉన్న సంస్థే యజమానిగా ఉండి, పనిమనిషిని గంటల లెక్కనో నెలల లెక్కనో ఇళ్లకు పంపే పద్ధతి కొంత మేలనిపిస్తుంది. సౌదీలోనూ, యుఏఈలోనూ అటువంటి సంస్థలున్నాయి. ఆమె పాస్‌పోర్టు, ఆమె జీతం, ఆమె సెలవు ఒక కాగితం మీద ఉంటాయి. ఒక ఇంట్లో చెయ్యి చేసుకుంటే మరుసటి రోజు ఆ ఇంటికి వెళ్లననే అవకాశం ఉంటుంది. ఆ సంస్థల వసతి గృహాలలో అంతా సవ్యంగా ఉందని మేము అనడం లేదు. బయటికి పోనివ్వని, ఫోను లాక్కునే చోట్లు అక్కడా ఉన్నాయి. అయినా ఆమె బతికి ఉన్నదో లేదో రోజూ చూసే మరొక కన్ను ఉండటం చిన్న విషయం కాదు.

ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరైన 18 దేశాలకు, ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్లలోపు మహిళలను ఇంటిపనికి పంపరాదని మన దేశపు నిబంధన. దానిని దాటడానికి మధ్యవర్తులు కనిపెట్టిన దారి విజిట్ వీసా. దుబాయి చూడటానికని తీసుకువెళ్లి అక్కడి నుంచి మస్కట్‌కు దాటించడం మన జిల్లాలలో అందరికీ తెలిసిన రహస్యం. అలా వెళ్లినవారికి సప్లయ్ కంపెనీ ఉండదు, నేరు యజమాని ఉండడు, ఈ-మైగ్రేట్‌లో పేరు ఉండదు. ఆ కేసుల గురించి మాట్లాడేటప్పుడు ‘ఏది మేలు’ అన్న ప్రశ్నకే చోటు లేదు.

మన సముదాయంలో బాహాటంగా చర్చించని రెండు సంగతులను ఇక్కడ ప్రస్తావించక తప్పదు. మొదటిది, ‘వాళ్లూ కలిమా చదివేవాళ్లే కదా, అన్యాయం చేస్తారా’ అన్న నమ్మకం. కఫీల్ మతం చూసి ఒప్పందం చదవడం మానేసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కూలి ఎగవేయడాన్ని మన ధర్మం ఎంత తీవ్రంగా ఖండించిందో ఎగవేసేవానికీ తెలుసు. తెలిసీ ఎగవేసేవాణ్ణి కట్టడి చేసేది సంతకం, బ్యాంకు ఖాతా, లేబర్ కార్యాలయం. మధ్యవర్తి గడ్డం చూసి రశీదు అడగకపోవడం కూడా ఈ కోవలోదే.

రెండవది వడ్డీ. మన ఇళ్లలో వడ్డీ హరామని పిల్లలకు చెబుతాము, గల్ఫ్ వీసాకు మాత్రం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాము. 1,20,000 రూపాయలు తెస్తే నెలకు 3,600 వడ్డీ. 24 నెలలకు 86,400. అసలు అలాగే ఉంటుంది. నిజానికి రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 35,400. యుఏఈ 2021 నాటి కార్మిక చట్టం 6వ అధికరణ నియామకపు ఖర్చును కార్మికుని నుంచి ఏ రూపంలోనూ వసూలు చేయరాదంటుంది. సౌదీ చట్టం 40వ అధికరణ వీసా, ఆకామా, వర్క్ పర్మిట్ ఖర్చులను, పని ముగిశాక తిరుగు టికెట్‌ను యజమాని మీదనే పెట్టింది. అంటే మనవాళ్లు వడ్డీకి తెచ్చేది యజమాని కట్టవలసిన డబ్బు. బైతుల్‌మాల్ నుంచి గల్ఫ్ ఖర్చుకు ఖర్జె హసన ఇచ్చే జమాఅత్‌లు కొన్ని ఉన్నాయి. వారి ఉద్దేశం గొప్పది. మా సూచన ఒక్కటే: ఆ డబ్బు చట్టం అనుమతించిన రుసుముకు, శిక్షణకు, వైద్యపరీక్షకు, బీమాకు మాత్రమే ఇవ్వండి, రశీదు మీద ఇవ్వండి. లక్ష దాటిన మొత్తం అడిగితే అది వీసా అమ్మకం. బైతుల్‌మాల్ సొమ్ము దానిలోకి పోకూడదు.

ఈ ఎంపిక భారాన్నంతా కార్మికుని భుజాన వేసి ప్రభుత్వాలు తప్పుకోవడం న్యాయం కాదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ నియామక సంస్థలున్నాయి. విదేశీ కంపెనీల నుంచి నేరుగా ఉద్యోగాలు తెచ్చి, మధ్యవర్తి లేకుండా పంపడమే వాటి పని. అవి రాయచోటిలోని దర్జీ కొడుకు దాకా, భైంసాలోని బీడీ కార్మికురాలి కొడుకు దాకా రావాలంటే ప్రకటనలు ఉర్దూలోనూ రావాలి, ఎంపిక శిబిరాలు మన పట్టణాలలోనూ జరగాలి. మైనారిటీ సంక్షేమ శాఖలు ఇచ్చే నైపుణ్య శిక్షణ చివర ఉండవలసింది గల్ఫ్ యజమానులు గుర్తించే ట్రేడ్ పరీక్ష. హాజరు పత్రం కాదు. ఆ సర్టిఫికెట్ ఒక్కటి చేతిలో ఉంటే సప్లయ్ కంపెనీ గడప తొక్కవలసిన అవసరం చాలామందికి ఉండదు.

కేంద్రం సంగతి మరీ విచిత్రం. గల్ఫ్‌కు వెళ్లేవారికి ఇంతకు తక్కువ జీతానికి అనుమతి ఇవ్వరాదని పెట్టుకున్న కనీస వేతనాలను 2020 సెప్టెంబరులో 30 నుంచి 50 శాతం దాకా తానే తగ్గించింది. తెలంగాణ గల్ఫ్ కార్మిక సంఘాలు పోరాడి, వ్యవహారం హైకోర్టుకు చేరాక 2021 జూలైలో వెనక్కి తీసుకుంది. బేసిక్ అంకెను కిందికి నొక్కేవారు సప్లయ్ కంపెనీలవారు మాత్రమే కాదని అప్పుడు తెలిసింది.

మా మాట సంగ్రహించకుండా ఒక చిన్న పని చెబుతాము. గల్ఫ్‌లో మనిషి చనిపోయినప్పుడు గానీ, జాడ తెలియనప్పుడు గానీ ఇంటివారిని అడిగితే తరచూ వారి వద్ద ఉండేది మధ్యవర్తి ఫోను నంబరు ఒక్కటే. కంపెనీ పేరు తెలియదు, కఫీల్ పేరు తెలియదు, ఏ ఊరో తెలియదు. ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలన్నా, రాయబార కార్యాలయానికి రాయాలన్నా, పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా సొమ్ము కోరాలన్నా మొదట అడిగేవి ఇవే. వెళ్లే ముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా పత్రం — ఈ నాలుగింటి నకళ్లు ఒక జత ఇంట్లో, ఒక జత మహల్లా మసీదు కమిటీ వద్ద ఉంచండి. అక్కడ దిగిన వారంలోపు ఆకామా ఎవరి పేరు మీద చేస్తున్నారో, పని ఎక్కడ ఇచ్చారో ఫోటో తీసి పంపమనండి. ఆ రెండు పేర్లు వేరువేరుగా ఉంటే అదే రోజు ఫోను చేసి కారణం అడగండి. రంజాను తరువాత ఏజెంట్ల రాకపోకలు మళ్లీ మొదలవుతాయి. మసీదు కమిటీలు ఒక రిజిస్టరు ఇప్పుడే తెరిచి పెట్టుకోవచ్చు.